అలంకార క్యాబేజీ, కేల్: రంగు గురించిన అపోహలు, వాస్తవాలు

ధనుర్మాసం మొదలవగానే అనంతపురంలోని మా నర్సరీకి వచ్చేవారు, నడుమ గులాబీ రంగు, చుట్టూ పచ్చటి ఆకులు ఉన్న ‘క్యాబేజీ పువ్వు’ కావాలని అడుగుతుంటారు. ఆ మొక్క గురించి తరచుగా వినే మాటల్లో కొన్ని సరిచేయదగినవి ఉన్నాయి.

అపోహ: అది పువ్వు.
అది ఆకుల గుత్తి మాత్రమే. అసలు పువ్వులు ఆవపువ్వుల్లా చిన్నవిగా, పసుపుపచ్చగా ఉంటాయి. అంచులు కుచ్చులుగానో చీలికలుగానో ఉన్న రకాలను కేల్ అనీ, వెడల్పాటి నున్నని ఆకుల రకాలను క్యాబేజీ అనీ అమ్ముతాం గాని, రెండూ కూర క్యాబేజీకి చెందిన బ్రాసికా ఒలరేసియా జాతివే.

అపోహ: ఎరువు బలంగా వేస్తే రంగు బాగా వస్తుంది.
అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. రంగు తెచ్చేది రాత్రి చలి. రాత్రి ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గి, ఆ చల్లదనం రెండు మూడు వారాలు నిలిచినప్పుడు, నడుమ కొత్తగా పుట్టే లేత ఆకుల్లో పత్రహరితం తగ్గిపోయి, ఎరుపు, ఊదా రకాల్లో ఆంథోసయనిన్ వర్ణం పైకి తేలుతుంది. తెల్ల రకాల్లో మీగడ రంగు కనిపిస్తుంది. అప్పటికే ముదిరిన వెలుపలి ఆకులు పచ్చగానే ఉండిపోతాయి. ఈ దశలో యూరియా వేస్తే నడిమి ఆకులు కూడా పచ్చదనానికే మొగ్గుతాయి కనుక, నత్రజనిని మొక్క ఎదిగే రోజులకే పరిమితం చేసి, రంగు తిరగడం మొదలవగానే ఆపేయాలి. రంగు కోసమంటూ అమ్మే టానిక్కులకు పెట్టే డబ్బు దండగని నా అభిప్రాయం.

అపోహ: మన సీమ ఎండలకు రంగు రానే రాదు.
వస్తుంది, అయితే ఊటీలో వచ్చినంత గాఢంగా రాదు. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఉన్న హిందూపురంలో మా ఊరికన్నా మెరుగ్గా వస్తుంది. పల్లంలో ఉన్న కడపలో రాత్రులు వెచ్చగా ఉండటం వల్ల తరచుగా వెలిసినట్టు కనిపిస్తుంది. డాబా మీద పెంచేవారు ఒక విషయం గమనించాలి: పగలంతా కాగిన పిట్టగోడ, స్లాబు రాత్రి ఆ వేడిని వదులుతూనే ఉంటాయి కాబట్టి, కుండీలను గోడకు దూరంగా, ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, ఉదయపు ఎండ పూర్తిగా తగిలేలా చూడాలి. సంక్రాంతికి రంగు కావాలంటే సెప్టెంబరు చివరిలోనో అక్టోబరు మొదట్లోనో ప్రోట్రేలలో (నారు పెంచే గుంటల ట్రేలలో) నారు పోసి, నాటేటప్పుడు కాండాన్ని కింది ఆకుల వరకు మట్టిలో కప్పాలి. లేకపోతే మొక్క కాళ్లు సాగినట్టు నిలబడుతుంది.

అపోహ: అలంకారపు మొక్కకు పురుగు పట్టదు.
కూర క్యాబేజీకి పట్టే పేనుబంక, డైమండ్ రెక్కల పురుగు దీనికీ పడతాయి. ఆకు తిప్పి చూస్తే ఈ రెక్కల పురుగు లార్వా సన్నగా, ఆకుపచ్చగా కనిపిస్తుంది. వేలితో తాకితే గిలగిలా వెనక్కి జరిగి, దారం వదులుతూ కిందికి వేలాడుతుంది. కొన్నే ఉంటే ఏరివేయడం చాలు, ఎక్కువైతే సాయంత్రం పూట బీటీ మందు (లార్వాలను చంపే బ్యాక్టీరియాతో చేసిన జీవ మందు) పిచికారీ చేయాలి.

అపోహ: ఇది విషం.
కాదు, కాస్త చేదు, అంతే. అయినా నర్సరీ మొక్కలకు మందులు కొట్టి ఉంటారు కనుక వంటకు వాడవద్దు.

అపోహ: నీడలో పెడితే ఏడాదంతా ఉంటుంది.
చలి తగిలిన మొక్కకు శివరాత్రి దాటి ఎండ ముదిరేసరికి నడుమ నుంచి కాడ లేచి పూత వస్తుంది, గుత్తి చెదిరిపోతుంది. కాడ తుంచితే కొద్ది రోజులే ఆగుతుంది. దాన్ని పీకేసి, అదే కుండీలో వేసవికి తట్టుకునే నాచుపూలు వేసుకోవడం మేలు.