‘ఎంటీఐ ఉండకూడదు’ అనే షరతు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇంగ్లీష్ వాయిస్ ఓవర్ పనులు వెతుక్కునే వాళ్లకి ఈ లైన్ కంఠతా వచ్చేసి ఉంటుంది: "న్యూట్రల్ ఇండియన్ ఇంగ్లీష్ కావాలి, ఎంటీఐ ఉండకూడదు." ఎంటీఐ అంటే మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్, మాతృభాష ప్రభావం, కాల్ సెంటర్ల వాళ్లు పెట్టుకున్న పొట్టిపేరు. భీమవరం, అమలాపురం, కాకినాడల్లో ఇంట్లోనే మైకు పెట్టుకుని కంపెనీల ట్రైనింగ్ వీడియోలకీ, కస్టమర్ కేర్ ఫోన్ మెనూలకీ, యాప్ డెమోలకీ ఇంగ్లీష్‌లో గొంతిచ్చే వాళ్లు ఇప్పుడు ఉన్నారు, పంపిన శాంపిల్ రిజెక్ట్ అయితే వాళ్లకి ముందు అనుమానం వచ్చేది దీని మీదే.

ఇంతకీ దొరికిపోయేది ఎక్కడ? ఎగ్ అనాల్సిన చోట యెగ్గు, ఓన్లీకి వోన్లీ, బస్‌కి బస్సు. ఎవరు అని రాసి యెవరు అంటాం, ఒకటి అని రాసి వొకటి అంటాం కదా, ఆ అలవాటే ఇంగ్లీష్‌లోకీ వచ్చేస్తుంది, మాట హల్లుతో ఆగిపోతే నోటికి వెలితిగా ఉండి చివర ఉ తగిలిస్తాం. దీనిమీద మా గోదావరి సాగదీత ఒకటి, వాక్యం చివరికొచ్చేసరికి అండీ లేకపోయినా అండీ ఉన్నట్టే రాగం లేస్తుంది.

ఇక్కడ నాకు తమాషాగా అనిపించే సంగతి ఏంటంటే ఇంగ్లీషువాడి టీ, డీ శబ్దాలు మన ట, డ కాదు, నాలుక పెట్టే చోటే వేరు, కానీ దేశంలో దాదాపు అందరం ట, డ అనే లాగించేస్తాం, ఢిల్లీలో న్యూస్ చదివేవాళ్లతో సహా. దాన్ని ఎవరూ ఎంటీఐ అనరు. యెగ్గు మాత్రం తప్పు, హిందీవాళ్ల ఇస్కూల్ కూడా తప్పే. అంటే అందరికీ ఉన్న మాతృభాష వాసన పర్లేదు, ఒక్క ప్రాంతానికే ఉన్నది మాత్రం కడిగేసుకోవాలన్నమాట. ఈ లెక్క ఒక్కరోజులో తయారవలేదు.

గోదావరి డెల్టాలో ఇంగ్లీష్ చదువు పాతదే. 1836లో ఇండియా వచ్చి తర్వాత నరసాపురంలో పనిచేసిన మిషనరీలు బౌడెన్, బీర్ ఇంగ్లాండ్‌లో డెవన్ వైపు వాళ్లు, చేతిపనులు చేసుకుని బతికినవాళ్లు, వాళ్ల నోట్లో లండన్ దొరల ఇంగ్లీష్ ఉండి ఉంటుందని నేనైతే అనుకోను. తర్వాత 1853లో రాజమండ్రిలో జిల్లా స్కూలు పెట్టారు, అదే పెరిగి ఆర్ట్స్ కాలేజీ అయింది, 1884 నాటికి కాకినాడలో పిఠాపురం రాజా వారి కాలేజీ. వీటిల్లో చదివి ప్లీడర్లూ మాస్టార్లూ అయినవాళ్లు షేక్స్‌పియర్‌ని అప్పజెప్పగలిగేవాళ్లు, అయితే చాలామందికి ఇంగ్లీష్ కంటితో వచ్చిందే, చెవితో వచ్చింది తక్కువ. రేడియో లేదు, టాకీ లేదు, పుస్తకంలో స్పెల్లింగ్ ఎలా ఉంటే నోట్లో అలా పలికింది. మాస్టారిది కుర్రాడికి, కుర్రాడు మాస్టారై ఇంకో కుర్రాడికి, అలా తరాలు గడిచాయి.

చెవికి సంబంధించిన గొడవ రేడియోతో మొదలైంది. బీబీసీ 1926లో ఉచ్చారణ తేల్చడానికి కమిటీ వేసింది, పెద్ద బడుల్లో చదివినవాళ్ల ఇంగ్లీషే అనౌన్సర్లకి ప్రమాణమైంది. 1941లో యార్క్‌షైర్ యాస ఉన్న విల్ఫ్రెడ్ పికిల్స్‌తో న్యూస్ చదివిస్తే వాళ్ల దేశంలోనే గోల లేచింది. ఆ బీబీసీ నుంచే 1935లో లయోనెల్ ఫీల్డెన్ వచ్చి ఇక్కడి రేడియోకి అధిపతి అయ్యాడు, మరుసటి ఏడు ఆలిండియా రేడియో అన్న పేరు పెట్టారు. ఇంగ్లీష్ బులెటిన్ ఢిల్లీ నుంచి, ఆ గొంతులు ఎక్కువగా కాన్వెంట్లలో, నగరాల కాలేజీల్లో తయారైనవి. గాంధీగారి అంతిమయాత్రకి ఏడు గంటలు ఏకబిగిన కామెంటరీ చెప్పిన మెల్విల్ డిమెల్లో లాంటి వాళ్లన్నమాట. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న వచ్చింది గానీ అది తెలుగు గొంతులకి, ఇంగ్లీష్‌కి మాత్రం ఢిల్లీయే. అదే ఏడాది పుట్టిన ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ తీసిన డాక్యుమెంటరీల్లో ప్రతాప్ శర్మ గొంతు ఏళ్ల తరబడి మోగింది. మంచి ఇండియన్ ఇంగ్లీష్ అంటే ఇలా ఉండాలి అని దేశం చెవికి అలవాటైపోయింది.

దీనికి శాస్త్రం తోడైంది మన హైదరాబాద్‌లోనే. 1958లో పెట్టిన ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ (సీఫెల్ అనేవాళ్లు, ఇప్పటి ఇఫ్లూ యూనివర్సిటీ) లో పనిచేసిన ఆర్.కె. బన్సల్ ఇండియన్ల ఇంగ్లీష్‌ని విదేశీ శ్రోతలకి వినిపించి ఎంత అర్థమవుతోందో కొలిచాడు, అది 1969లో అచ్చయింది. ఉద్దేశం మంచిదే, లండన్ వాడిలా మాట్లాడక్కర్లేదు, ఎదుటివాడికి అర్థమైతే చాలు అని. ప్రాంతాల గుర్తులు వదిలేసి దేశం మొత్తానికి ఒక నమూనా అన్న ఆలోచన మాత్రం అక్కణ్ణుంచి టీచర్ ట్రైనింగుల్లోకి పాకింది. 1990ల చివర్లో కాల్ సెంటర్లు వచ్చాక ఆ ఆలోచన కాస్తా జీతాల వ్యవహారమైపోయింది, యాస వదిలించే 'యాక్సెంట్ న్యూట్రలైజేషన్' క్లాసులు, కాల్‌కి మార్కులు, ఎంటీఐ కాలమ్‌లో టిక్కులు. డెల్టా నుంచి హైదరాబాద్ వెళ్లి ఆ క్లాసుల్లో కూర్చున్న వాళ్లు బోలెడుమంది. 2020లో కరోనాకి ఇళ్లకొచ్చి ఇక్కడే మైకులు కొనుక్కున్న వాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఇంట్లో స్టూడియో అంటే ఏముంది, బట్టల బీరువా తలుపులు తెరిచి దానిముందు కూర్చుని నెత్తిన దుప్పటి. ఆడియోబుక్‌లకి అమెజాన్ వాళ్ల రూలు ప్రకారం వెనక సద్దు మైనస్ 60 డెసిబెల్స్ దాటకూడదు, అంటే దాదాపు నిశ్శబ్దమే ఉండాలి, ఇటు చూస్తే చెరువుగట్టు పక్కన ఇల్లు, రాత్రంతా రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల మోత, వానాకాలం కప్పలు. అర్ధరాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగాయని ఓ క్షణం సంతోషం, వెంటనే జనరేటర్లు లేస్తాయి. సద్దు తీసేయడానికి సాఫ్ట్‌వేర్ ఉంది, ఎక్కువ నొక్కితే గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

తెలుగు డబ్బింగ్‌లోనూ మా యాసకి జరిగింది ఇలాంటిదే, హీరోకి పుస్తకాల భాష, పక్కన ఎటకారం చేసేవాడికి గోదావరి యాస. కాబట్టి న్యూట్రల్ గొడవ ఇంగ్లీష్ వాళ్లే తెచ్చిపెట్టారని పూర్తిగా అనలేం.

ఇప్పుడు మిషన్ల వల్ల కథ రెండువైపులా నడుస్తోంది. అమెజాన్ 2016లో రవీనా పేరుతో ఇండియన్ ఇంగ్లీష్ కంప్యూటర్ గొంతు దించింది, ఫోన్ మెనూల లాంటి చిన్న పనులకి మనిషి అక్కర్లేకుండా అలాంటివే చాలు. 2025లో టెలీపర్ఫార్మెన్స్ అనే ఫ్రెంచ్ కంపెనీ ఇండియా ఏజెంట్ల యాసని కాల్ నడుస్తుండగానే మెత్తబరిచే సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్టు బయటపడింది. ఇంకోపక్క మాట గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లకి మన యెగ్గు అర్థం కావాలి కాబట్టి యాస ఉన్నవాళ్ల రికార్డింగులే కావాలంటున్నారు, కాకపోతే అది డబ్బింగ్ రేటు కాదు, డేటా రేటు, ఒకసారి ఇచ్చేశాక ఆ గొంతుతో వాళ్లు ఏం తయారుచేసుకున్నా మళ్లీ పైసా రాకపోవచ్చు. అందుకే ఈ మధ్య అనుభవం ఉన్నవాళ్లు రేటుకంటే ముందు కాంట్రాక్టులో మూడు అడుగుతున్నారు: దేనికి వాడతారు, ఎన్నేళ్లు, గొంతుని క్లోన్ చేస్తారా, అంటే మిషన్‌తో నకలు తీస్తారా. మూడోదానికి జవాబు రాతలో ఇవ్వని వాళ్లకి శాంపిల్ కూడా పంపడం లేదు.