12 వోల్టులు ఉన్నా స్టార్ట్ కాని బండి

తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోకపోతే చాలామంది మొదట బ్యాటరీని, తర్వాత సెల్ఫ్ మోటారును అనుమానిస్తారు. ఆ రెండూ మార్చాక కూడా బండి మొరాయిస్తే అప్పుడు గుర్తొస్తుంది, తాళం తిప్పగానే కరెంటును కలిపే ఇగ్నిషన్ స్విచ్. ఈ చిన్న భాగం అంతదాకా దొరక్కుండా ఉండటానికి ముఖ్య కారణం దాన్ని పరీక్షించే తీరు అని నా అభిప్రాయం. బాగా చెడిపోయిన స్విచ్‌కు మీటర్ పెట్టినా 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. ఆ అంకె చూసి స్విచ్ బాగుందని పక్కన పెట్టేస్తాం.

చాలా కార్లలో తాళం చెవి దూరే భాగం వేరు, కరెంటును కలిపే భాగం వేరు. ముందుది లాక్ సిలిండర్. దాని వెనక ఒక చిన్న కడ్డీయో, నాలుకలాంటి ముక్కో ఉండి, అసలు స్విచ్‌ను తిప్పుతుంది. తాళం బిగుసుకుపోతున్నా, మధ్యలో పట్టేస్తున్నా అది లాక్ జబ్బు. తాళం హాయిగా తిరుగుతున్నా డాష్‌బోర్డు వెలగకపోతే స్విచ్ వైపు చూడాలి. ఆ నాలుక విరిగినా ఇలాగే ఉంటుంది. తాళం తిరుగుతుంది కానీ వెనక ఏదీ కదలదు.

బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే వైరు స్విచ్‌లోకి వస్తుంది. తాళం ఏ స్థానంలో ఉందన్నదాన్ని బట్టి ఆ కరెంటు వేర్వేరు దారుల్లోకి వెళుతుంది. ఏసీసీలో (ఇంజిన్ ఆన్‌కు ముందుండే యాక్సెసరీ స్థానం) రేడియో లాంటివి, ఆన్‌లో ఇంజిన్ కంప్యూటర్, ఇగ్నిషన్ కాయిల్, ఫ్యూయల్ పంపు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), స్టార్ట్‌లో సెల్ఫ్. వైరింగ్ బొమ్మల్లో 30 అంటే బ్యాటరీ, 15 అంటే ఆన్, 50 అంటే సెల్ఫ్. డీఐఎన్ 72552 అనే జర్మన్ ప్రమాణం నుంచి వచ్చిన ఈ అంకెలు తెలిసి ఉంటే సగం గందరగోళం తగ్గుతుంది.

తాళం స్టార్ట్‌లో పట్టుకున్నంతసేపు ఇంజిన్ నడిచి, చెయ్యి వదలగానే ఆగిపోవడం స్విచ్ జబ్బుకు బాగా తెలిసిన గుర్తు. ఆన్ స్థానంలో కలవాల్సిన కాంటాక్టు, అంటే స్విచ్ లోపలి లోహపు ముక్కల జత, కలవడం లేదన్నమాట. దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ అనే ఏర్పాటు తాళాన్ని గుర్తించకపోయినా ఇంజిన్ ఒకటి రెండు సెకన్లలో ఆగుతుంది కాబట్టి, డాష్‌బోర్డు మీద దాని దీపం మిణుకుతోందేమో ముందు చూసుకోవాలి. తాళాన్ని కొంచెం కదిపితే డాష్‌బోర్డు దీపాలు ఆరి వెలగడం, గతుకుల్లో ఇంజిన్ క్షణం పాటు ఆగి అందుకోవడం, తాళం తీసేసినా ఇంజిన్ నడుస్తూనే ఉండటం కూడా స్విచ్‌ను అనుమానించాల్సినవే. సెల్ఫ్ కొట్టేటప్పుడు రేడియో, ఏసీ ఫ్యాను ఆగిపోవడం మాత్రం జబ్బు కాదు. బ్యాటరీ శక్తి అంతా సెల్ఫ్‌కే అందాలని అలా తయారు చేశారు. దీన్ని లోపమనుకుని టెన్షన్ పడనక్కర్లేదు.

బ్యాటరీయా, స్విచ్చా అని తేల్చడానికి మీటర్ కూడా అవసరం లేని పరీక్ష ఒకటుంది. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టాలి. లైట్లు బాగా మసకబారితే కరెంటు సెల్ఫ్ దాకా వెళుతోంది, చాలావరకు బ్యాటరీలోనో దాని టెర్మినల్స్‌లోనో బలం లేదు. లైట్లు కాస్తయినా తగ్గకుండా అలాగే వెలుగుతుంటే చాలావరకు సెల్ఫ్ దాకా కరెంటే పోవడం లేదు. అప్పుడు అనుమానం స్విచ్, సెల్ఫ్ రిలే, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసే స్విచ్, క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్ మీదికి వస్తుంది. ఈ వరుసలో ఒక్కొక్కటీ దాటుకుంటూ వెళ్లాలి.

ఇప్పుడు మీటర్ సంగతి. డిజిటల్ మల్టీమీటర్ వోల్టేజి కొలిచేటప్పుడు దాదాపు కరెంటే తీసుకోదు. దాని లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు. స్విచ్ కాంటాక్టు మొత్తం కాలిపోయి సూదిమొనంత చోట మాత్రమే తగులుతున్నా, మీటరుకు కావలసిన ఆ కాస్త కరెంటు అందులోంచి సులువుగా వెళుతుంది. అందుకే 12 చూపిస్తుంది. అసలు పని మొదలై 20 ఆంపియర్లు లాగినప్పుడు కథ మారిపోతుంది. కాంటాక్టు దగ్గర 0.1 ఓము నిరోధం ఉందనుకుందాం. 20ని 0.1తో గుణిస్తే 2 వోల్టులు. 12లో 2 వోల్టులు స్విచ్‌లోనే పోయాయి. పైగా ఆ 2 వోల్టులు, 20 ఆంపియర్లు కలిసి 40 వాట్ల వేడిగా మారి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో కూర్చుంటాయి. ఓమ్ మీటరుతో ఈ 0.1 ఓమును పట్టుకుందామంటే, మీటరు వైర్ల నిరోధమే దాదాపు అంత ఉంటుంది.

కాబట్టి స్విచ్‌ను అది పని చేస్తున్నప్పుడే కొలవాలి. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబును స్విచ్‌లోకి వచ్చే బ్యాటరీ వైరు మీద, రెండోదాన్ని బయటికి వెళ్లే వైరు మీద పెట్టి, ఇంకొకరిని తాళం తిప్పమనాలి. కనిపించే అంకె స్విచ్ మింగేస్తున్న వోల్టేజి. పావు వోల్టు లోపు ఉంటే నిశ్చింత. అర వోల్టు దాటితే అనుమానం. వోల్టు దాటితే స్విచ్ మార్చాల్సిందే. బ్యాటరీ వోల్టేజి మొత్తం అక్కడే కనిపిస్తే లోపల కాంటాక్టు అసలు కలవడం లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కరెంటు పారకపోతే సున్నా వస్తుంది. సెల్ఫ్ వైరు మధ్యలో తెగి ఉన్నా సున్నానే, స్విచ్ అద్భుతంగా ఉన్నా సున్నాకు దగ్గరే. అందుకే సున్నా చూసి సంబరపడకుండా, బయటికి వెళ్లే వైరుకూ ఎర్త్‌కూ (బండి లోహపు బాడీకి) మధ్య కూడా కొలవాలి. అక్కడ 12 ఉండి సెల్ఫ్ కదలకపోతే లోపం స్విచ్ దాటాక ఉంది. లోపలికి వచ్చే వైరులోనే వోల్టేజి లేకపోతే ముందున్న ఫ్యూజుల దగ్గర వెతకాలి. మీటరుకు బదులు 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి వాడినా చాలు. అది దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి బాగా చెడిన సూదిమొన కాంటాక్టు దాని ముందు బయటపడుతుంది. ఆ బల్బును ఇంజిన్ కంప్యూటర్‌కు వెళ్లే సన్నని వైర్ల మీద మాత్రం వాడకూడదు.

కాంటాక్టులు ఎందుకు కాలతాయన్నది నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. నున్నగా కనిపించే రెండు లోహపు ముఖాలు సూక్ష్మదర్శినిలో కొండల వరుసల్లా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి ఆనినప్పుడు నిజంగా తగిలేది కొన్ని శిఖరాలే, కరెంటంతా వాటిలోంచే వెళ్లాలి. తాళం తిప్పి సర్క్యూట్ తెంచిన ప్రతిసారీ అక్కడ చిన్న నిప్పురవ్వ పుట్టి లోహాన్ని కొంచెం కరిగిస్తుంది, ఆక్సైడ్ పొర పేరుకుంటుంది. నిరోధం పెరిగితే వేడి పెరుగుతుంది. వేడికి లోపలి స్ప్రింగు బలం తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే నిరోధం ఇంకా పెరుగుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలయ్యాక తనంతట తాను ఆగదు. కొన్నాళ్లు అప్పుడప్పుడూ సతాయించి ఒకరోజు పూర్తిగా ఆగిపోయే జబ్బులు ఎక్కువగా ఈ కోవవే. కప్లర్ (వైర్లను స్విచ్‌కు కలిపే ప్లాస్టిక్ జోడింపు) విప్పి చూస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది.

ఇంజిన్‌తో తిరిగే అయస్కాంతమే స్పార్క్‌కు కరెంటు ఇచ్చే కొన్ని మాగ్నెటో బైకుల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆఫ్ చేసినప్పుడే స్విచ్ కలుస్తుంది. ఇగ్నిషన్ వైరును ఎర్త్‌కు కలిపి ఇంజిన్‌ను ఆపుతుంది. స్విచ్ వైరు తెగితే బండి ఆగదు. అదే వైరు ఎక్కడైనా ఛాసిస్‌కు తగిలితే స్టార్టే కాదు. పుష్ బటన్ కార్లలో బటన్ నుంచి కంప్యూటర్‌కు స్వల్ప సంకేతం మాత్రమే వెళుతుంది. అసలు కరెంటును రిలేలు మోస్తాయి. వాటిలో పైన చెప్పిన వోల్టేజి పరీక్షను రిలే దగ్గర చేయాలి, బటన్ దగ్గర కాదు.

కరెంటు భాగం బాగున్నా యాంత్రిక భాగం ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భం ఉంది. 2014లో జనరల్ మోటార్స్ ఛెవ్రొలె కోబాల్ట్, శాటర్న్ అయాన్ వంటి కార్లను వెనక్కి పిలిచింది. తాళాన్ని ఆన్‌లో నిలబెట్టే స్ప్రింగు, పిన్ను బలహీనంగా ఉండి, మోకాలు తగిలినా, బరువైన తాళాల గుత్తి ఊగినా తాళం ఏసీసీకి జారిపోయేది. నడుస్తున్న కారులో ఇంజిన్ ఆగి, పవర్ స్టీరింగ్ పోయి, ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. కంపెనీ ఏర్పాటు చేసిన పరిహార నిధి 124 మరణాలకు పరిహారం అంగీకరించింది. 2006లో ఆ భాగాన్ని మార్చినా పార్టు నంబరు మార్చకపోవడంతో పాత స్విచ్ ఏదో, కొత్తది ఏదో విడదీయడం కష్టమైంది. బరువైన గుత్తి వేలాడదీయవద్దని మెకానిక్‌లు చెప్పే మాటను నేను చాలా గట్టిగా సమర్థిస్తాను.

స్టీరింగ్ కింద చెయ్యి పెట్టే ముందు ఒక జాగ్రత్త. అక్కడ పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి మీద మీటరు గానీ బల్బు గానీ పెట్టకూడదు. స్విచ్ విప్పాలంటే బ్యాటరీ నెగటివ్ తీసి, తయారీదారు చెప్పినంతసేపు ఆగాకే మొదలుపెట్టాలి. కొత్త స్విచ్ వేశాక అదే పరీక్ష మళ్లీ చేయాలి. వోల్టేజి నష్టం తగ్గినా కప్లర్ వేడెక్కుతుంటే, బయటినుంచి తగిలించిన హారన్లు గానీ, అదనపు లైట్లు గానీ స్విచ్ వైరు నుంచే కరెంటు లాగుతున్నాయేమో చూడాలి. వాటిని రిలేతో, సొంత ఫ్యూజుతో బ్యాటరీకి వేరుగా కలపకపోతే కొత్త స్విచ్ కూడా పాతదాని లాగే కాలిపోతుంది.