మైకు ముందు పల్లె మాట: డిజ్జీ డీన్ మీద టీచర్లకు కోపం ఎందుకొచ్చింది?

1946లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఇంగ్లిష్ టీచర్లు ఒక రేడియో కామెంటేటర్ మీద ఫిర్యాదుకు దిగారు. అతని కామెంటరీ నిండా వ్యాకరణ తప్పులేనని, అవి విని పిల్లలు పాడైపోతున్నారని వాళ్ల బాధ. రేడియో స్టేషన్లకు లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ చర్య తీసుకోవాలన్నారు. ఆ కామెంటేటర్ పేరు డిజ్జీ డీన్. అంతకు పన్నెండేళ్ల ముందు అదే రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరానికి బేస్‌బాల్‌లో సీజన్ చివరి ఛాంపియన్‌షిప్ పోరైన వరల్డ్ సిరీస్ గెలిపించిన పిచ్చర్ (క్రికెట్‌లో బౌలర్‌లా బంతి విసిరేవాడు) అతనే.

ఇంతకీ ఏమన్నాడని? బేస్‌బాల్‌లో రన్నర్ ఒక్కోసారి బేస్ అందుకోవడానికి నేల మీద జారుకుంటూ వెళ్తాడు. క్రికెట్‌లో క్రీజు కోసం డైవ్ చేసినట్టు. 'జారాడు' అని చెప్పడానికి ఇంగ్లిష్‌లో 'స్లిడ్' అనాలి. డీన్ 'స్లడ్' అనేవాడు. బంతి విసిరాడు అనడానికి 'త్రూ' అనాల్సిన చోట 'త్రోడ్' అనేవాడు. 'కాదు', 'లేదు' అనడానికి వాడే 'ఎయింట్' అనే నాటు మాట వాక్యానికోసారి వచ్చేది. రన్నర్లు ఎవరి బేస్‌కు వాళ్లు తిరిగి వెళ్లారని చెప్పబోయి, 'రెస్పెక్టివ్' అనాల్సింది 'రెస్పెక్టబుల్' అనడంతో 'గౌరవనీయమైన బేస్‌లకు' వెళ్లినట్టయింది.

ఈ భాష అతను నవ్వించడానికి తయారు చేసుకున్నది కాదు, పుట్టి పెరిగిన చోటుది. 1910లో ఆర్కాన్సాస్‌లోని లూకస్‌లో ఒక పేద పాలికాపు ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి వెంట అన్నదమ్ములు ఊరూరా తిరిగి పత్తి ఏరేవారు. చదువు మొదటి తరగతుల్లోనే ఆగిపోయింది. పదహారేళ్లకే సైన్యంలో చేరాడు. అసలు పేరు జే హానా డీన్, అక్కడే 'డిజ్జీ' అయ్యాడు. పత్తి చేలల్లో, సైనికుల బ్యారక్స్‌లో మాట్లాడుకునే ఇంగ్లిష్ ఎలా ఉంటుందో, మైకు ముందుకు వచ్చాక కూడా అతని ఇంగ్లిష్ అలాగే ఉంది. ఈ వివాదంలో నాకు ముఖ్యమనిపించేది ఇదే. తప్పులని టీచర్లు వేలెత్తి చూపినవాటిలో చాలా వరకు లక్షలాది మంది ఇళ్లలో రోజూ వినపడే మాటలు.

ఆటగాడిగా అతని స్థాయి తెలిస్తే తప్ప ఆ మైకు ఎందుకు దక్కిందో అర్థం కాదు. బేస్‌బాల్‌లో మ్యాచ్ గెలుపోటములను పిచ్చర్ల ఖాతాలో కూడా రాస్తారు. 1934లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు తరఫున 30 మ్యాచ్‌లు గెలిచి 7 ఓడాడు. ఆ తర్వాత, అమెరికాలోని రెండు పెద్ద లీగ్‌లలో కార్డినల్స్ ఆడే నేషనల్ లీగ్‌లో ఏ పిచ్చరూ ఒక సీజన్‌లో 30 గెలవలేదు. తమ్ముడు పాల్ కూడా అదే జట్టులో పిచ్చర్. సీజన్‌కు ముందు 'నేనూ పాల్ కలిసి 45 గెలుస్తాం' అని డీన్ అంటే అందరూ గొప్పలనుకున్నారు. ఇద్దరూ కలిసి 49 గెలిచారు. ఆ ఏడాది డెట్రాయిట్ మీద వరల్డ్ సిరీస్‌లో కార్డినల్స్ గెలిచిన నాలుగు మ్యాచ్‌ల్లో అన్నవి రెండు, తమ్ముడివి రెండు.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 1937 జులైలో వాషింగ్టన్‌లో, రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్లు తలపడే ఆల్‌స్టార్ మ్యాచ్. ఎర్ల్ అవెరిల్ కొట్టిన బంతి నేరుగా వచ్చి డీన్ ఎడమ కాలి బొటనవేలికి తగిలి ఎముక విరిగింది. అది మానకముందే మళ్లీ ఆటకు దిగాడు. కుడిచేత్తో విసిరేవాడికి బంతి వదిలేటప్పుడు ఒంటి బరువంతా ఎడమ కాలి మీదే పడుతుంది. నొప్పి తప్పించుకోవడానికి విసిరే తీరు మార్చుకున్నాడు. ఆ మార్పు భుజాన్ని దెబ్బతీసింది, బంతిలో వేగం పోయింది. అయినా 1938లో చికాగో కబ్స్ 1,85,000 డాలర్లు, ముగ్గురు ఆటగాళ్లను ఇచ్చి మరీ అతన్ని తీసుకుంది. తెలివితో, నెమ్మది బంతులతో ఆ ఏడాది 7 గెలిచి ఒక్కటే ఓడాడు. కానీ భుజం మళ్లీ కోలుకోలేదు. 1941లో 31 ఏళ్లకే ఆట వదిలేశాడు.

అదే ఏడాది సెయింట్ లూయిస్‌లో మైకు పట్టాడు. ఫాల్‌స్టాఫ్ అనే బీరు కంపెనీ స్పాన్సర్. ఆటగాడు కామెంటేటర్ కావడం కొత్తేమీ కాదు. 1932లోనే క్లీవ్‌ల్యాండ్ మాజీ ఆటగాడు జాక్ గ్రేనీ రేడియోలోకి వచ్చి మంచి పేరు తెచ్చుకున్నాడు. అయితే అప్పటి బేస్‌బాల్ రేడియోలో పెద్ద పేరున్న రెడ్ బార్బర్‌లాంటి వాళ్లది శ్రద్ధగా సాన పెట్టిన మాట. డీన్ దగ్గర ఆ సాన లేదు. మనం పక్కింటి అరుగు మీద కూర్చుని వింటున్నట్టే ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాతావరణం గురించి రేడియోలో చెప్పకూడదని నిషేధం ఉండేది, శత్రువుకు ఉపయోగపడుతుందని. ఒకరోజు వానకు ఆట ఆగితే, ఎందుకు ఆగిందో తెలియాలంటే కిటికీలోంచి తల బయటపెట్టి చూడమని శ్రోతలకు డీన్ చెప్పాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిబంధన తప్పకుండానే విషయం చెప్పేశాడు.

1944లో వరల్డ్ సిరీస్‌కు చేరిన రెండు జట్లూ, కార్డినల్స్, బ్రౌన్స్, సెయింట్ లూయిస్‌వే. ఆ ఊళ్లో వినేవాళ్లకు డీన్ గొంతు లేకుండా ఆ సిరీస్ ఊహకే అందదు. కానీ బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ ఒప్పుకోలేదు. దేశమంతా వినే ప్రసారానికి ఆ భాష తగదన్నాడు. మిస్సోరీ టీచర్ల ఫిర్యాదుకు రెండేళ్ల ముందే పడిన ముద్ర ఇది. టీచర్లనైనా కొంత అర్థం చేసుకోగలను, పిల్లల నోట మంచి భాష పలికించడం వాళ్ల పని. సొంత ఊరి సిరీస్‌కే ఒక మనిషిని దూరం పెట్టడం మాత్రం అన్యాయం.

ఫిర్యాదుకు డీన్ జవాబు సూటిగా ఉంది. ఇంగ్లిష్ మీరు నేర్పండి, బేస్‌బాల్ నేను నేర్పుతానన్నాడు. 'ఎయింట్' అనకుండా శుభ్రంగా మాట్లాడే వాళ్లలో తిండి దొరకని వాళ్లు చాలామంది ఉన్నారని కూడా గుర్తుచేశాడు. ఆర్థిక మాంద్యంలో ఆకలి చూసిన తరానికి ఆ మాట సూటిగా తగిలింది. శ్రోతలు అతని వైపే నిలబడ్డారు. మైకు పోలేదు.

మరుసటి ఏడాది జరిగింది ఇంకా ముచ్చటైనది. బ్రౌన్స్ వరసగా ఓడిపోతుంటే, ఈ పిచ్చర్లలో చాలామంది కంటే నేనే బాగా విసురుతానని డీన్ ప్రసారంలోనే అనేశాడు. జట్టు యాజమాన్యం, సరే వచ్చి విసరమంది. 1947 సెప్టెంబర్ 28న, సీజన్ ఆఖరి రోజు, 37 ఏళ్ల వయసులో చికాగో వైట్ సాక్స్ మీద నాలుగు ఇన్నింగ్స్ (మ్యాచ్‌కు మామూలుగా తొమ్మిది) వేశాడు. ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. బ్యాటింగ్‌కు వచ్చి హిట్ కూడా కొట్టాడు. పరిగెత్తేటప్పుడు కండరం పట్టేయడంతో బయటికొచ్చాడు. విమర్శించే కామెంటేటర్లను 'నువ్వు వచ్చి ఆడి చూపించు' అనడం ప్రతి ఆటలోనూ ఉన్నదే. నిజంగానే దిగి ఆడి చూపించినవాడు డీన్.

దేశమంతటికీ అతన్ని చేర్చింది టీవీ. 1953లో ఏబీసీ అనే టీవీ నెట్‌వర్క్ శనివారాల్లో 'గేమ్ ఆఫ్ ద వీక్' మొదలుపెట్టి డీన్‌ను తీసుకుంది. మేటి ఆటగాళ్లకు దక్కే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం అతనికి వచ్చింది కూడా ఆ ఏడాదే. 1955లో ఆ కార్యక్రమం సీబీఎస్ అనే మరో నెట్‌వర్క్‌కు మారింది. టికెట్ల అమ్మకం దెబ్బతినకూడదని, పెద్ద లీగ్ జట్లున్న నగరాల్లో ఆ ప్రసారం రానిచ్చేవారు కాదు. అంటే చూసినవాళ్లంతా స్టేడియానికి వందల మైళ్ల దూరంలో, చిన్న పట్నాల్లో, పల్లెల్లో ఉన్నవాళ్లు. లాండిస్ దేశానికి తగదన్న భాష ఆ ఇళ్లలోని భాషే. శనివారం మధ్యాహ్నం తమలాగే మాట్లాడే మనిషి టీవీలో కనిపిస్తుంటే వాళ్లు వదులుకుంటారా?

అతనిలో లోపాలు లేవని నేను అనను. ఆట మధ్యలో చేపల వేట కబుర్లలోకి వెళ్లిపోయేవాడు, పాటలు అందుకునేవాడు. స్కోరు ఎంతో తెలియక విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. పక్కన సహ కామెంటేటర్లుగా ముందు బడ్డీ బ్లాట్నర్, 1960 నుంచి పీ వీ రీస్ ఉండబట్టి ఆట వివరాలు జారిపోలేదు. కానీ పిచ్చర్ అలసిపోయాడని, ఇప్పుడు ఏ బంతి వేయబోతాడో అని డీన్ చెబితే, అది భుజం పోగొట్టుకున్నవాడి నోటి మాట.

1966లో జాతీయ ప్రసార హక్కులు ఎన్‌బీసీ నెట్‌వర్క్‌కు వెళ్లాయి. వాళ్లు కర్ట్ గౌడీని ప్రధాన గొంతుగా పెట్టుకుని రీస్‌ను ఉంచారు, డీన్‌ను తీసుకోలేదు. బేస్‌బాల్ ప్రసారకర్తలకు 1978 నుంచి ఇస్తున్న ఫోర్డ్ ఫ్రిక్ అవార్డు తర్వాతి కాలంలో జో గరజియోలా, బాబ్ యూకర్, టిమ్ మెకార్వర్‌లాంటి మాజీ ఆటగాళ్లకు దక్కింది. 2022లో జాక్ గ్రేనీకి కూడా ఇచ్చారు. ఆ జాబితాలో డీన్ పేరు లేదు. 1974 జులై 17న నెవాడాలో చనిపోయాడు. భార్య ప్యాట్ సొంతూరు, మిసిసిపీలోని బాండ్ అనే పల్లెలో అతని సమాధి ఉంది. శనివారాల్లో అతని మాట కోసం టీవీ ముందు చేరినవి అలాంటి ఊళ్లే.