మత్తుకు అలవాటుపడ్డ కొడుకు, ఇంట్లో హద్దులు: మా ఓపీలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

సోమవారం మా ఓపీ ముందు జనం ఎక్కువ ఉంటారు. ఆదివారం ఇంట్లో గొడవ జరిగి ఉంటుంది, తెల్లారి మొదటి బస్సెక్కి వచ్చేస్తారు. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల మత్తు అలవాటున్నవాళ్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ కౌన్సెలింగ్ చేయడం నా పని. మొదట్లో ఎక్కువగా కల్తీ కల్లు కేసులే చూసేదాన్ని, ఇప్పుడు ఇరవై ఏళ్ల పిల్లలు గంజాయితో వస్తున్నారు, కొందరికి రెండూ ఉంటాయి. చాలాసార్లు పిల్లవాడు రాడు, తల్లి ఒక్కతే వస్తుంది. "వాడు రానంటున్నడు మేడం, నేనేం జెయ్యాలె?" అని అడుగుతుంది. ఇది ఆమె కోసం రాస్తున్నాను.

అపోహ: వాడు రాకుండా నేనొక్కదాన్నే వస్తే ఏం లాభం?

చాలా లాభం ఉంది. ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చి, వాళ్ల ద్వారా మనిషిని చికిత్సకు తెచ్చే 'క్రాఫ్ట్' అనే పద్ధతి అమెరికాలో పుట్టింది. మద్యం అలవాటున్నవాళ్ల కుటుంబాలతో చేసిన ఒక అధ్యయనం 1999లో వచ్చింది. అందులో ఈ పద్ధతి నేర్చుకున్న కుటుంబాల్లో 64 శాతం మంది తమవాళ్లను చికిత్సదాకా తేగలిగారు, అందరూ కూర్చోబెట్టి ఒక్కసారే నిలదీసే పద్ధతిలో 30 శాతమే. నేర్పేది పెద్ద విద్యేం కాదు. మత్తులో లేనప్పుడు ప్రేమగా దగ్గర కూర్చోవడం, మత్తులో ఉన్నప్పుడు వాదించకుండా పక్కకు జరగడం, వాడు చేసిన అప్పును, వాడు తెచ్చిన తలనొప్పిని వాడినే మోయనివ్వడం.

అపోహ: హద్దు పెట్టడమంటే "ఇగ ముట్టొద్దు" అని ఒట్టు వేయించుకోవడం.

ఒట్లు వేయించుకున్న తల్లులను వందల్లో చూశాను. దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టించినా, తల మీద చెయ్యి పెట్టించినా, ఒట్టు వాడి చేతిలో ఉన్న విషయం, మన చేతిలో లేదు. మనం ఏం చేస్తామో, ఏం చేయమో చెప్పేదే హద్దు. "మత్తులో వస్తే ఆ రాత్రి నీతో మాట్లాడను కొడుకా, అన్నం మూతపెట్టి ఉంటది, తిను, పొద్దున మాట్లాడుకుందాం." "చేతికి పైసలు ఇయ్యను, బస్సు టికెట్ నేను తీస్త, మందులు నేను కొంట." "ఇంట్ల గంజాయి దొరికితే పారబోస్త." ఇవి చెప్పడానికి గొంతు పెంచక్కర్లేదు. కానీ చేయలేనిది మాత్రం చెప్పకండి. "ఇంకోసారి తాగొస్తే నా మొఖం చూడవు" అని చెప్పి, తెల్లారి చాయ్ పెట్టిచ్చే అమ్మ మాటకు విలువ ఎక్కడుంటుంది?

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, మన ఇళ్లలో హద్దు ముందు తలుపు దగ్గర గట్టిగానే ఉంటుంది, వెనక తలుపు దగ్గరే తెగిపోతుంది. ఒక ఇంట్లో తల్లీతండ్రీ ఏడాదిపాటు ఒక్క రూపాయి ఇవ్వలేదు, అయినా వాడికి ఏ రోజూ పైసలకు ఇబ్బంది రాలేదు, ఎట్లా అని అందరం తల పట్టుకున్నాం. నాయనమ్మకు అప్పట్లో నెలనెలా వచ్చే ఆసరా పింఛన్ 2,016 రూపాయల్లో సగం వాడికే పోతోంది, వాడికి ఇంకా కావాల్సింది అత్తగారింట్లో ఉన్న అక్క ఫోన్‌పే చేస్తోంది, "ఎవరికీ చెప్పకు" అనే షరతుతో. వాళ్లిద్దరినీ నేను తప్పుబట్టను, వాడు ఏడిస్తే చూడలేకపోయారు, అంతే. అందుకే హద్దు పెట్టేముందు వాడు లేనప్పుడు ఇంటివాళ్లంతా కూర్చోండి, మేనమామను పిలవండి, అక్కకు ఫోన్ కలపండి. ఎవరు దేనికి కాదంటారో తేల్చుకోండి. అందరూ ఒప్పుకున్నవి రెండే అయినా చాలు, ఆ రెండింటి మీదే నిలబడండి. మొదటి రెండు మూడు వారాలు వాడు ఇంకా ఎక్కువ అరుస్తాడు, బతిమాలుతాడు. అప్పుడు ఒక్కసారి జారితే, ఇంకొంచెం గట్టిగా అరిస్తే ఇస్తారని వాడికి మనమే నేర్పినట్టు.

అపోహ: పైసలు ఇయ్యకపోతే ఏమన్న చేసుకుంటడు.

ఈ భయాన్ని తీసిపారేయను. చస్తానని వాడు ఎన్నిసార్లు అన్నా ప్రతిసారీ నిజమనే తీసుకోండి. కానీ దానికి మందు డబ్బు కాదు, మనిషి తోడు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. పత్తి చేనుకు తెచ్చిన పురుగుల మందు డబ్బా ఇంట్లో ఉంటే ఈరోజే తీసేయండి, ఇది వాయిదా వేసే పని కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అపోహ: గదిలో పెట్టి తాళం వేస్తే నాలుగు రోజుల్లో దిగుతుంది.

గంజాయి ఒక్కటే అయితే ఆపినప్పుడు నిద్ర పట్టదు, కోపం, టెన్షన్, ఆకలి ఉండదు, సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతుంది. కల్తీ కల్లు సంగతి వేరు. అందులో కలిపేది అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మందులు, రోజూ తాగే మనిషికి అవి ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి కల్లు ఆగిపోయినప్పుడు మన పాలమూరులో ఆసుపత్రులు ఎట్లా నిండాయో గుర్తున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రోజూ ఎక్కువగా మద్యం తాగేవాళ్లకూ ఇదే ముప్పు. డాక్టరే మందులిచ్చి, చూస్తూ వాటి మోతాదు మెల్లగా తగ్గించాలి. గొలుసులతో కట్టేయడమైతే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషేధం, ఏ సెంటర్‌లోనైనా సరే. పేషెంట్లను కట్టేసే, కొట్టే సెంటర్‌కు మాత్రం మీ బిడ్డను పంపొద్దు.

అపోహ: పెండ్లి చేస్తే దారికొస్తడు.

రాడు. ఇంకో ఇంటి ఆడపిల్ల ఆ కష్టంలోకి వస్తుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి నాకు మనసు రాదు, ఆ అమ్మాయిలు కూడా మా ఓపీకే వస్తారు.

అపోహ: ఆసుపత్రికి పోతే పోలీస్ కేసవుతుంది.

చికిత్స కోసం వచ్చినందుకు కేసు పెట్టరు. గంజాయి తాగినందుకో, తక్కువ మోతాదుతో దొరికినందుకో కేసయిన మనిషి తనంతట తాను గుర్తింపున్న ఆసుపత్రిలో చికిత్సకు ఒప్పుకుంటే, ఆ కేసు నుంచి రక్షణ కోరే వీలు మత్తుపదార్థాల నేరాలకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్‌లోనే ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అదే చట్టంలో 25వ సెక్షన్ గురించి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి: తెలిసి తెలిసి ఇంటిని ఈ నేరాలకు వాడుకోనిస్తే ఇంటివాళ్ల మీదా కేసు ఉంటుంది. దోస్తులు వచ్చి మేడ మీద పొట్లాలు కడుతున్నారంటే ఊరుకోకండి.

అపోహ: వెళ్లగొడితేనే బుద్ధొస్తుంది.

కొందరికి తప్పదు. చెయ్యి చేసుకుంటున్నాడా, చిన్నపిల్లలున్న ఇంట్లో కత్తి తీస్తున్నాడా, అప్పుడు ముందు మీ ప్రాణం, 100కో 112కో ఫోన్ చేయండి, సిగ్గుపడకండి. ముసలి తల్లిదండ్రులైతే 2007 సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీవో దగ్గరికి పోవచ్చు. ఇట్లాంటిదేమీ లేకపోతే రోడ్డు మీదికి పంపడం చివరి మెట్టు. పంపినా బంధం తెంచుకోవద్దు, "చికిత్సకు పోదామన్న రోజు ఎంత రాత్రైనా ఫోన్ చెయ్, వస్త" అన్న మాట వాడితో ఉండాలి.

ఆ రోజు చెప్పి రాదు. అందుకే ఒక సంచిలో ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు, వాడు వాడుతున్నవాటి పేర్లు రాసిన కాగితం, ఒక జత బట్టలు సర్ది పెట్టుకోండి. మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, అక్కడ సైకియాట్రీ ఓపీ ఎక్కడని అడగండి. "సరే పోదాం" అని వాడన్నప్పుడు పండుగ తర్వాత, పత్తి ఏరినంక అనకండి, పొద్దున అంటే ఆ పొద్దునే బస్సెక్కండి. మధ్యాహ్నానికి వాడి మనసు మారిపోవచ్చు.