నానమ్మ చెయ్యి ఎందుకు వణుకుతోందంటే

పొందూరు

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాత ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు చూశారుగా, నానమ్మ రాట్నం ముందు కూర్చుంటే దారం ఊరికే తెగిపోతోంది. చెయ్యి ఒళ్లో పెట్టుకున్నా బొటనవేలు, చూపుడువేలు ఏదో నలుపుతున్నట్టు ఆడుతూనే ఉన్నాయి. "తాతా, నానమ్మకి భయమేస్తోందా?" అని అడిగింది చిన్ని. భయం కాదమ్మా. ఆ రోజు ఇంటినిండా చుట్టాలు, నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ అది మనసులో ఉండిపోయింది.

మెదడు నడిమి భాగంలో అటొకటి ఇటొకటి నల్లటి చారలుంటాయి. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనం తయారుచేస్తాయి. చెయ్యి కదలాలన్నా, కదలకుండా నిలవాలన్నా అది కావాలి. మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు ఉంటే, డోపమిన్ చేసే ఈ నడిమెదడు కణాలు కొన్ని లక్షలే. అవి ఒక్కొక్కటే రాలిపోతే వచ్చేది పార్కిన్సన్స్ జబ్బు. చాలా కణాలు పోయేదాకా పైకి ఏమీ తెలియదు. నానమ్మకీ అంతే అయింది.

ఇంతకీ ఆ కణాలు ఎలా పుడతాయి? నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా ఉండేది ఇదే.

వాలుగ చేప దవడ గుర్తుందా? బుజ్జి దాని పళ్లు వేలితో తడిమి "రంపంలా ఉంది" అన్నాడు. ముందు దాంతో పత్తి దువ్వాలి. తర్వాత గింజ తీయాలి, దూది ఏకాలి, ఏకులు చుట్టాలి, ఆ తర్వాతే రాట్నం. దువ్వని పత్తి తెస్తే నానమ్మ ముట్టుకునేది కాదు. కణం తయారవడమూ ఇలాగే, వరస తప్పితే పని చెడుతుంది.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే సుమారు 20,000 జన్యువులుంటాయి. కంట్లోనూ అవే, కాలి చర్మంలోనూ అవే. ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చూసే ప్రొటీన్లని ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లంటారు. అవి డీఎన్ఏ మీద తమకి కుదిరే చోట కూర్చుని, దగ్గర్లోని జన్యువుని చదివిస్తాయి, లేదా చదవకుండా ఆపుతాయి.

కడుపులో బిడ్డ మెదడు ఇంకా చిన్న గొట్టంలా ఉన్నప్పుడే ఈ పని మొదలవుతుంది. కణానికి ముందు తానెక్కడుందో తెలియాలి. పలాస దగ్గరపడుతున్నకొద్దీ జీడిపిక్కలు కాల్చే వాసన ఎక్కువవుతుంది కదా, కళ్లు మూసుకున్నా ఊరొచ్చిందని తెలిసిపోతుంది. అలాగే గొట్టం అడుగునుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్ పైకి వ్యాపిస్తుంది. (మీరాడే వీడియోగేమ్‌లోని సోనిక్ పేరే దానికి పెట్టారు.) నడిమెదడు వెనక సరిహద్దు నుంచి ఎఫ్‌జీఎఫ్8 అనే ఇంకో ప్రొటీన్ వస్తుంది. రెండూ కలిసేచోట, గొట్టం అడుగున ఉన్న కణాలకి తమ చోటు తెలుస్తుంది.

అక్కడ ఫాక్స్ఏ2, ఎల్ఎంఎక్స్1ఏ అనే ఫ్యాక్టర్లు లేస్తాయి. అవి ఒకదానికొకటి ఊతమిచ్చుకుంటూ కణాన్ని డోపమిన్ దారిలో పెడతాయి. తర్వాత వచ్చేది నర్1. డోపమిన్ చేసే పనిముట్లు కణానికి అమర్చేది ఇదే. పప్పులో, చేపలో మనం తినే టైరోసిన్ అనే పదార్థాన్ని ఎల్‌-డోపాగా మార్చే ఎంజైమ్ జన్యువుని చదివించడం కూడా దీని పనే. ఆ ఎల్‌-డోపాయే మరో అడుగులో డోపమిన్ అవుతుంది. నర్1 లేని ఎలుకల్లో నడిమెదడు డోపమిన్ కణాలు తయారే కాలేదని 1997లో తేలింది. పెద్దయిన ఎలుకల్లో దాన్ని ఆపేసినా ఆ కణాలు నీరసించాయి. అంటే పుట్టుకతో దాని పని అయిపోదు, బతికినన్నాళ్లూ కావాలి.

పిట్‌ఎక్స్3 అని ఇంకొకటుంది. అది సరిగ్గా పనిచేయని ఎలుకలకి కంట్లో కటకం ఉండదు, నల్లచారలోని కణాలూ చాలావరకు పోతాయి. కన్నెక్కడ, నడిమెదడెక్కడ! రెండుచోట్లా అదే ప్రొటీన్‌కి పని. ఇది మొదటిసారి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

నానమ్మ వేసుకునే మాత్రలో ఉన్నది ఆ ఎల్‌-డోపాయే. మన కొండల్లో పాకే దూలగొండి గింజల్లోనూ అది ఉంటుంది. 1937లో మన దేశ శాస్త్రవేత్తలే ఆ గింజలనుంచి దాన్ని విడదీశారు. అలాగని బుజ్జీ, గింజలేరి నానమ్మకి పెట్టకు. ఎంత మోతాదో డాక్టరే చెప్పాలి.

మాత్ర డోపమిన్‌ని ఇస్తుంది కానీ పోయిన కణాన్ని తేలేదు. అందుకే శాస్త్రవేత్తలు కడుపులో జరిగే ఆ వరసనే ప్రయోగశాల గిన్నెలో నడిపిస్తున్నారు. ఏ రకం కణంగానైనా మారగల మూలకణాలకి ఆ సంకేతాలే అందించి, ఫాక్స్ఏ2, ఎల్ఎంఎక్స్1ఏ లేచాయో లేదో చూసుకుని డోపమిన్ కణాలు పెంచుతున్నారు. 2018లో జపాన్‌లోని క్యోటోలో అలా పెంచిన కణాల్ని ఒక రోగి మెదడులో పెట్టారు. అది పరీక్షల్లో భాగంగా చేసిందే. నేను మాత్రం ఆ వార్తలు ఒక్కటీ వదలను.

మొన్న నానమ్మ "ఏటో, చెయ్యి నా మాట ఇనడం లేదు" అంది. పొద్దున్న మాత్ర పడ్డాక మాత్రం ఓ గంట నిలకడగా ఉంటుంది. ఆ గంట వృథా కాకుండా, రాత్రే పత్తి దువ్వి ఏకులు చుట్టి ఉంచుతున్నాను.

మీ తాత