అపోహలు - వాస్తవాలు: రెండేళ్ల నిబంధన అంటే అమెరికా గడప తొక్కకూడదని కాదు

అమెరికాలో చదువుకు, పరిశోధనకు, బోధనకు భారత్, అమెరికా ప్రభుత్వాలు కలిసి ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ ముగించుకుని వచ్చి ఎనిమిది నెలలైన ఒక అధ్యాపకురాలు ఈ మధ్య నాకు ఫోన్ చేశారు. న్యూజెర్సీలో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయి. "నేను రెండేళ్లు అటువైపు వెళ్లకూడదట కదా సార్! పురిటికి మీ అత్తగారినే పిలిపించుకో అని అమ్మాయికి చెప్పేశాను" అంటున్నప్పుడు ఆమె గొంతు పూడుకుపోయింది. అందరిలాగే మీరూ సందర్శకుల వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చమ్మా, ఈ నిబంధన దానికి అడ్డు రాదు అని చెప్పాను. కాసేపటి వరకు అవతలి నుంచి మాట లేదు. ఈ తప్పుడు సమాచారం ఆమెకు ఇచ్చింది ఏ దళారీనో కాదు. తాను కూడా అలాంటి కార్యక్రమంలోనే వెళ్లి వచ్చిన సహోద్యోగి. నాకు బాధ కలిగించింది అదే.

ఫుల్‌బ్రైట్ కింద తెలుగు బోధించే ఎఫ్‌ఎల్‌టీఏగా, అంటే విదేశీ భాషా బోధన సహాయకుడిగా, తొమ్మిది నెలలు ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో పనిచేసి వచ్చాను. అప్పటి నుంచి హైదరాబాద్‌లో ఈ కార్యక్రమం పూర్వ విద్యార్థుల బృందంతో కలిసి, కొత్తగా వెళ్లేవారికీ తిరిగి వచ్చినవారికీ చేతనైన సాయం చేస్తున్నాను. ప్రతి ఏడాదీ వినిపించే అపోహలు చాలా ఉన్నాయి గానీ, ఈ రెండేళ్ల నిబంధన చేసినంత నష్టం మరేదీ చేయలేదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

జె-1 అనే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసాపై ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి అమెరికా వలస చట్టంలోని 212(ఇ) అనే సెక్షన్ వర్తిస్తుంది. రెండేళ్ల నిబంధన అంటే ఇదే. ఫుల్‌బ్రైట్ వారందరూ ఈ కోవలోకే వస్తారు. మొత్తం మీద రెండేళ్లు స్వదేశంలో గడిపే వరకు హెచ్-1బి, ఎల్-1 ఉద్యోగ వీసాలు గానీ గ్రీన్‌కార్డు గానీ ఇవ్వరు. అమెరికాలోనే ఉండి జె-1 నుంచి వేరే హోదాకు మారడం కూడా దాదాపు కుదరదు. కానీ సదస్సుకు వెళ్లాలన్నా, కూతురి పురిటికి వెళ్లాలన్నా బి-1/బి-2 సందర్శకుల వీసాకు దరఖాస్తు చేయవచ్చు. పీహెచ్‌డీకి సీటు వస్తే ఇక్కడి కాన్సులేట్‌లో ఎఫ్-1 విద్యార్థి వీసాకు దరఖాస్తు చేయవచ్చు. అయితే అక్కడ గడిపిన రోజులు రెండేళ్ల లెక్కలోకి రావు. లెక్క ఆగి ఉంటుంది, తిరిగి వచ్చాక మళ్లీ నడుస్తుంది. రెండేళ్లూ ఏకధాటిగా ఉండాలన్న షరతు కూడా లేదు.

ఇంత సూటిగా ఉన్న విషయం పుకార్లలో పడి రెండు వైపులా పాడవుతోంది. భయపడి ఇంట్లో కూర్చునేవారు ఒక వైపు, అసలు నిబంధనే లేదనుకుని ముందుకు దూకేవారు మరో వైపు. మా బృందంలోని ఒక యువ అధ్యాపకుడికి హెచ్-1బి పిటిషన్ ఆమోదం పొందినట్లు ఐ-797 నోటీసు వచ్చింది. ఇక అడ్డేమీ లేదని ఒక కన్సల్టెన్సీ భరోసా ఇచ్చింది. అతను కళాశాల ఉద్యోగానికి రాజీనామా చేసి, ఇల్లు ఖాళీ చేసి, సామాను ఊరికి పంపించాడు. ఇంటర్వ్యూలో అధికారి పాత జె-1 వివరాలు చూసి 212(ఇ) కింద వీసా నిరాకరించారు. పిటిషన్ ఆమోదం వేరు, వీసా వేరు. పాత వీసా మీద, జె-1 కోసం ఇచ్చిన డీఎస్-2019 పత్రం మీద ఈ నిబంధన వర్తిస్తుందా లేదా అన్నది సాధారణంగా రాసి ఉంటుంది. దయచేసి ఒకసారి తీసి చూడండి. అక్కడ రాసింది ప్రాథమిక అభిప్రాయమే కాబట్టి, అనుమానం ఉంటే నిబంధన మీకు వర్తిస్తుందా లేదా అని అమెరికా విదేశాంగ శాఖ నుంచి అడ్వైజరీ ఒపీనియన్ (అధికారిక అభిప్రాయం) తెప్పించుకోండి. అది చేతికి వచ్చే వరకు రాజీనామా లేఖ రాయకండి.

2024 డిసెంబరు 9 తర్వాత గందరగోళం ఇంకా పెరిగింది. ప్రభుత్వ నిధులు లేకపోయినా, ఏ దేశంవారికి ఏ రంగాల్లో ఈ నిబంధన వర్తిస్తుందో చెప్పే జాబితా స్కిల్స్ లిస్ట్. ఆ రోజు అమెరికా సవరించిన జాబితా అమల్లోకి వచ్చింది, అందులో భారత్ పేరు లేదు. "ఇండియాకు రెండేళ్ల రూల్ ఎత్తేశారు" అని వాట్సాప్‌లో ఒకటే హోరు. ఎత్తేసింది కేవలం ఆ జాబితా కారణంగా నిబంధన వర్తించినవారికి. ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికీ, వైద్య శిక్షణకు వెళ్లిన డాక్టర్లకూ అది అలాగే ఉంది. ఆ సందేశాన్ని పది గ్రూపులకు పంపేముందు ఒక్క నిమిషం అసలు ప్రకటన చదివి ఉంటే ఎంతమందికి మేలు జరిగేది!

'నోరి' (భారత్‌కు తిరిగి రావలసిన బాధ్యత లేదని మన ప్రభుత్వం ఇచ్చే పత్రం) తెచ్చుకుంటే చాలు, ఈ నిబంధన నుంచి మినహాయింపు వచ్చేస్తుందన్నది ఇంకో మాట. భారత ప్రభుత్వం అభ్యంతరం లేదని రాసిచ్చినా, అమెరికా ప్రభుత్వ నిధులు తీసుకున్నవారి విషయంలో అది సాధారణంగా సరిపోదు. జె-2 అనే కుటుంబ సభ్యుల వీసా మీద వెంట వెళ్లిన జీవిత భాగస్వామికీ పిల్లలకూ ఈ నిబంధన వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోండి. రీసెర్చ్ స్కాలర్లకు ఉండే 24 నెలల నిషేధం పూర్తిగా వేరు. అది మళ్లీ అదే కోవలో జె-1పై వెళ్లడానికి సంబంధించింది. రెండేళ్లు, 24 నెలలు ఒకటే కదా అని రెండింటినీ కలిపేయకండి.

అసలు ఈ నిబంధన ఎందుకు పెట్టారు? దీన్ని శిక్షగా చూసేవారిని చూస్తే నాకు బాధ వేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విదేశాల్లో మిగిలిపోయిన అమెరికా సైనిక సామగ్రిని అమ్మగా వచ్చిన సొమ్ముతో 1946లో ఫుల్‌బ్రైట్ కార్యక్రమం మొదలైంది. 1950 ఫిబ్రవరి 2న నెహ్రూ, అమెరికా రాయబారి లోయ్ హెండర్సన్ మన దేశానికి సంబంధించిన ఒప్పందంపై సంతకాలు చేశారు. 2008 ఒప్పందంతో రెండు ప్రభుత్వాలూ సమాన భాగస్వాములయ్యాయి. ఫుల్‌బ్రైట్ పక్కన నెహ్రూ పేరు చేరింది కూడా అలాగే. వెళ్లినవారు వెళ్లినట్లే ఉండిపోతే ఈ దేశానికి దక్కేదేమిటి? అక్కడ చూసింది, నేర్చుకున్నది ఇక్కడి తరగతి గదికి, ప్రయోగశాలకు తీసుకురావాలన్నదే దీని ఉద్దేశం. పూర్వ విద్యార్థుల బృందాలు ఉన్నదీ అందుకే.

మిగతా అపోహలకు ఇంత వివరణ అక్కర్లేదు. మా బృందంలో సభ్యత్వం ఉంటే నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా సులభం కాదు. మేము సిఫారసు చేస్తే ఫెలోషిప్ రాదు. దరఖాస్తుకు ఈ ఫెలోషిప్‌లను ఇక్కడ నిర్వహించే యూఎస్‌ఐఈఎఫ్ సంస్థ రుసుమేమీ తీసుకోదు, డబ్బు అడిగినవారు ఎవరైనా మోసగాళ్లే. ఇక మేము అమెరికాకు వంత పాడతామనే ఆరోపణ. అక్కడి విధానాలను మా సమావేశాల్లో విమర్శించినంత గట్టిగా నేను బయట ఎక్కడా వినలేదు. స్నేహం ఉన్నచోటే నిజం చెప్పే చనువు ఉంటుంది. రాకపోకలు ఒకవైపే అనుకోవడమూ తప్పే, అమెరికన్ అధ్యాపకులూ పరిశోధకులూ ఇదే కార్యక్రమం కింద మన విశ్వవిద్యాలయాలకు వస్తారు.

నేను తిరిగి వచ్చాక, అక్కడ నా దగ్గర తెలుగు నేర్చుకున్న ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. ఆమె తల్లిదండ్రులది నెల్లూరు వైపు. అమ్మమ్మతో ఫోన్‌లో నాలుగు వాక్యాలు మాట్లాడగలుగుతోంది, అయిదోది వెతుక్కోవలసి వస్తోంది. మాట్లాడటానికి మనుషులు కావాలి సార్ అంది. ఇక్కడ మా డిగ్రీ కళాశాల పిల్లలకూ కావలసింది అదే, ఇంగ్లిష్‌లో. అలా మొదలైంది మా శనివారం ఉదయపు పలకరింపు. వాళ్లకు శుక్రవారం రాత్రి ఎనిమిది, మనకు శనివారం ఉదయం ఆరున్నర. సగం సేపు తెలుగు, సగం సేపు ఇంగ్లిష్.

మొదటి ఏడాది నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారన్న సంగతి పిల్లలకు చెప్పడం మరిచిపోయాను. నేను వెళ్లేసరికి పదకొండు మంది చలిలో హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. గంట ఆలస్యమని చెప్పినా ఎవరూ గదులకు వెళ్లలేదు. ఏడున్నరకు తెర మీద ఆ అమ్మాయి కనిపించి, "అందరూ టిఫిన్ చేశారా?" అని అడిగింది. లేదని పదకొండు గొంతులు ఒక్కసారే పలికాయి. అయితే ముందు తినిరండి, నేను ఉంటాను అంది, తడుముకోకుండా, తెలుగులో.