గంజాం వైరస్: సంతలో గొర్రె చెవి తిప్పి చూడండి

బరంపురం వైపు సంతల్లో గొర్రె కొనేవాళ్ళు పళ్ళు చూస్తారు, నడుం పట్టి చూస్తారు, ఎన్ని కేజీలు తూగుద్దో అక్కడే లెక్కేసేస్తారు, కానీ చెవి తిప్పి లోపల చూసేవాళ్ళు తక్కువే. పిడుదులు ఉండేది అక్కడే, ఇంకా తోక కింద, పొదుగు పక్కన తొడ సందులో.

ఈ పిడుదులు మోసే ఒక వైరస్‌కి ఒడిశాలోని మన గంజాం జిల్లా పేరే పెట్టారు. 1950ల్లో భంజనగర్‌లో నడుం పడిపోయిన మేకల మీంచి తీసిన పిడుదుల్లో దొరికింది కాబట్టి గంజాం వైరస్. కెన్యాలో గొర్రెల్ని చంపే నైరోబీ షీప్ డిసీజ్ వైరస్, ఇదీ ఒకటేనని తర్వాత జన్యువులు పోల్చి తేల్చారు.

మరి మన ఊళ్ళల్లో దీని పేరు ఎవరూ ఎత్తరేం అంటే, గొల్లలు మేపే నాటు మేకలు, గొర్రెలు పుట్టిన దగ్గర్నుంచీ ఈ పిడుదుల మధ్యే పెరుగుతాయి, జున్నుపాలతో తల్లి నుంచి కొంత రక్షణ కూడా వస్తుంది, అందుకే పెద్దగా జబ్బు పడవు. దెబ్బ తినేది బయట్నుంచి తెచ్చిన సంకరజాతివి, విదేశీ జాతులవి. లోన్ పెట్టి మరీ తెచ్చేది వాటినే కదా! జ్వరం 41 డిగ్రీలు దాటుద్ది, తర్వాత నెత్తురు జిగట విరేచనాలు, ముక్కు కారడం, చూలువి ఈసుకుపోవడం. పైకి అచ్చం పీపీఆర్ (గొర్రెలు, మేకలకొచ్చే పారుడు రోగం) లాగే ఉంటది, అందుకే పీపీఆర్ టీకా వేసిన మందలో కూడా ఇలా కనపడితే వెటర్నరీ డాక్టర్‌కి పిడుదుల సంగతి కూడా చెప్పి శాంపిల్ పంపించమనాలి.

ఒకసారి మందు కొట్టేసి పనైపోయింది అనుకుంటాం గానీ ఈ వైరస్‌ని మోసే జాతి పిడుదు జీవితంలో మూడు జంతువుల మీదకి ఎక్కుతుంది, నెత్తురు తాగి కింద పడి, గోడ పగుళ్ళల్లో, రాళ్ళ సందుల్లో కుబుసం విడిచి మళ్ళీ ఎక్కుతుంది. అంటే ఏ టైంలో చూసినా సగానికి పైగా పిడుదులు గొర్రె మీద ఉండవు, దొడ్లోనే ఉంటాయి. పగుళ్ళు పూడ్చకుండా గొర్రెకి ఎంత మందు రాసినా దండగే. ఏళ్ళ తరబడి ఒకటే మందు వాడినా పని చెయ్యదు, డాక్టర్‌ని అడిగి మార్చాలి. కొత్తగా తెచ్చినవాటిని రెండు వారాలు విడిగా కట్టి, పిడుదులు పోయాకే మందలో కలపాలి.

ఇంకోటి, పిడుదుని గోళ్ళతో నలిపే అలవాటు మానండి. గంజాం వైరస్ వల్ల ల్యాబుల్లో పనిచేసే మనుషులకీ జ్వరాలొచ్చాయి. 2011లో గుజరాత్‌లో మనుషుల ప్రాణాలు తీసిన క్రిమియన్ కాంగో జ్వరం వైరస్ కూడా ఈ కుటుంబానిదే, పైగా అది పశువుల్లో జబ్బుగా కనపడనే కనపడదు. చేతికి గ్లౌజు, అది లేకపోతే ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగి, స్పిరిట్ పోసిన సీసాలో పడేసి మూత పెట్టండి.